స్కూలు అడగని ప్రశ్న

డాలస్ శివారు నుంచి ఒక తల్లి రాశారు. పేరు రాయలేదు. ఉత్తరం మూడు విడతలుగా వచ్చింది. మధ్యలో ఒకచోట "మా వారు లేచారు, ఆపేస్తున్నా" అని ఉంది.

సంగతి ఇదీ. భర్త హెచ్-1బి మీద పనిచేసేవారు. పది నెలల కింద ఉద్యోగం పోయింది. 60 రోజుల గడువులో వేరే కంపెనీ దొరకలేదు. ఒక కన్సల్టెన్సీ "పిటిషన్ వేశాం, టెన్షన్ పడకండి" అని డబ్బు తీసుకుంది. రసీదు నంబరు అడిగితే రేపు, ఎల్లుండి అంది. అసలేమీ వేయలేదని నాలుగు నెలలకు తేలింది. అద్దె కట్టలేక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, భర్త స్నేహితుడి ఇంట్లో మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నారు. పాపకు పన్నెండేళ్ళు. కరీంనగర్‌లో పుట్టింది, నాలుగో తరగతి నుంచి ఇక్కడి గవర్నమెంట్ స్కూల్లోనే చదువుతోంది, ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. బాబుకు ఆరేళ్ళు, అమెరికాలోనే పుట్టాడు.

ఇప్పుడు ఎనిమిదో తరగతికి స్కూలు ఆన్‌లైన్ ఫారం నింపమంది. పదకొండు రోజులుగా ఆ పేజీ ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉందట. 'పుట్టిన దేశం' దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతుంది, కాసేపటికి పేజీ దానంతటదే లాగవుట్ అవుతుంది. భర్త "అమెరికా అని పెట్టెయ్" అన్నారు. మర్నాడు "అసలు స్కూలే వద్దు, ఇంట్లో ఉంచుదాం" అన్నారు. కరీంనగర్ నుంచి అత్తమ్మ "పిల్లను నా దగ్గరికి పంపండి" అంటున్నారు. ఇల్లిచ్చిన స్నేహితుడి భార్య తమ అడ్రస్ ఏ ఫారంలోనూ రాయొద్దంటున్నారు. స్కూళ్ళు పిల్లల లిస్టులు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు ఇస్తున్నాయని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దీనికి తోడు మే నెలలో స్కూలు కౌన్సెలర్ ఫోన్ చేసి, "మీ అమ్మాయి ఈ మధ్య దిగులుగా ఉంటోంది, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. అప్పటినుంచి స్కూలు నంబరు కనిపిస్తే ఈమె ఫోన్ ఎత్తడం లేదు. మోగనిచ్చి, తర్వాత వాయిస్‌మెయిల్ మూడుసార్లు వింటున్నారు. పోయినసారి అలా విన్న మెసేజ్, లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగి ఇవ్వలేదని.

స్కూలు వాళ్ళు పిల్లలను శాన్ ఆంటోనియో ట్రిప్‌కు తీసుకెళ్తున్నారు, దారిలో చెక్‌పోస్టు ఉంటుందేమోనని ఆ ఫారం మీద కూడా సంతకం పెట్టలేదట. చివర అడిగింది ఇది: "ఫారం నింపితే మమ్మల్ని మేమే పట్టించుకున్నట్టా? నింపకపోతే నా బిడ్డ చదువు ఏమైతది?"

అమ్మా,

ముందు ఆ ల్యాప్‌టాప్ దగ్గరికే వెళ్దాం. ఫారంలోని ప్రశ్నలన్నీ మీరు వరసగా రాసి పంపారు, మంచి పని చేశారు. రెండుసార్లు చదివాను. పాప పుట్టిన తేదీ, పుట్టిన దేశం, ఇంట్లో మాట్లాడే భాష, అలర్జీలు, అడ్రస్, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి. వీసా ఏంటి, స్టేటస్ ఏంటి, అంటే ఈ దేశంలో ఉండటానికి ఏ అనుమతి ఉంది అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. ఎవరో మరిచిపోయి వదిలేసింది కాదది. దాని వెనక మీ రాష్ట్రంలోనే జరిగిన ఒక పెద్ద గొడవ ఉంది.

డాలస్‌కు తూర్పున వంద మైళ్ళ దూరంలో టైలర్ అనే ఊరుంది. కాగితాలు లేని పిల్లలను స్కూళ్ళు చేర్చుకోనక్కర్లేదని టెక్సాస్ 1975లో చట్టం చేసింది. దాన్ని పట్టుకుని టైలర్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడి ప్రభుత్వ స్కూళ్ళను నడిపే సంస్థ, 1977లో అలాంటి ఒక్కో పిల్లకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. నాలుగు మెక్సికన్ కుటుంబాలు కోర్టుకెక్కాయి. వాళ్ళు ఎవరి కంటా పడకూడదని జడ్జి విలియం వేన్ జస్టిస్ పొద్దున ఆరింటికే విచారణ పెట్టారు. కాగితాల మీద అసలు పేర్లు రానివ్వలేదు, అందరికీ 'డో' అనే మారుపేరే. కోర్టు నుంచి అటే పట్టుకెళ్తారేమోనని సామాన్లు కార్లో సర్దుకుని వచ్చిన కుటుంబం కూడా ఉంది. ఆ కేసు 1982 జూన్ 15న సుప్రీంకోర్టులో 5-4తో పిల్లల పక్షాన తేలింది. 'ప్లైలర్ వర్సెస్ డో' అంటారు. అమెరికాలో ఏ ప్రభుత్వ స్కూలైనా స్టేటస్‌ను కారణంగా చూపి పిల్లను చేర్చుకోనని చెప్పలేకపోవడానికి ఈ తీర్పే ఆధారం. మీ గవర్నరే 2022లో దీన్ని మళ్ళీ కోర్టుకు లాగుతానన్నారు, కాబట్టి రాతిలో చెక్కిందేమీ కాదు. నేనిది రాసేనాటికి మాత్రం నిలిచే ఉంది.

మరి పుట్టిన దేశం ఎందుకు అడుగుతారు? అమెరికా బయట పుట్టి, ఇక్కడి స్కూళ్ళలో మూడేళ్ళు నిండని పిల్లల లెక్కను బట్టి డిస్ట్రిక్టులకు కొంత ఫెడరల్ డబ్బు వస్తుంది. ఆ లెక్క కోసం. ఖాళీగా వదిలేసినా అడ్మిషన్ ఆపకూడదు. 'ఇండియా' అని రాసినా బయటపడేదేమీ లేదు. మీ స్కూల్లో ఇండియాలో పుట్టిన పిల్లలు ఎంతమంది ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి చూసి కూడా భయపడ్డానని రాశారు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద వచ్చిన మన పిల్లల్లో ఆ నంబరు ఉన్నవాళ్ళెవరు? అది లేని పిల్లలకు టెక్సాస్ స్కూళ్ళు తామే ఒక నంబరు ఇస్తాయి. మీ పాపకు నాలుగో తరగతిలోనే ఇచ్చి ఉంటారు. ఆ గడి ఖాళీగా ఉంటే స్టేటస్ పోయిందని ఎవరూ అనుకోరు.

మీ వారు చెప్పిన 'అమెరికా' మాత్రం పెట్టకండి. ఇది ఒక్కటి గట్టిగా చెబుతున్నా. టెక్సాస్‌లో స్కూలు ఫారంలో తెలిసి తప్పు రాయడం నేరం. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అమెరికాలో పుట్టానంటే ఈ దేశ పౌరురాలినని చెప్పుకున్నట్టే అని ఏ అధికారైనా తీసుకునే వీలుంది. పౌరసత్వం గురించి అబద్ధం చెప్పారని తేలితే, ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది జీవితాంతం వెంటాడే మచ్చ. తర్వాత ఏ దారి తెరుచుకున్నా అక్కడ అడ్డం పడుతుంది. చెప్పకుండా ఉండటం మీ హక్కు, తప్పు చెప్పడం కాదు.

ఇక స్కూలు దగ్గర ఇప్పటికే ఉన్న కాగితాల సంగతి. నాలుగో తరగతిలో చేర్చేటప్పుడు "ఫైలు మొత్తం జిరాక్స్ తీసి ఇచ్చాం" అని రాశారు. మనవాళ్ళకు అదొక అలవాటు. కౌంటర్ దగ్గర ఒకటి అడిగితే ప్లాస్టిక్ ఫోల్డర్ విప్పి పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం), పెళ్ళి సర్టిఫికెట్ దాకా ఇచ్చి వస్తాం. స్కూలుకు కావలసింది వయసు, నివాసం, టీకాల రుజువులే. 1974 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది, పొట్టిగా 'ఫెర్పా' అంటారు. దాని ప్రకారం మీ పాప ఫైలు చూపించమని మీరు రాసి అడిగితే 45 రోజుల్లో చూపించాలి. వీసా, ఐ-94 కాపీలు అందులో ఉంటే, అడ్మిషన్‌కు అక్కర్లేనివి కాబట్టి తీసేయమని అడగండి. తీసేస్తారన్న గ్యారంటీ లేదు, అడిగితే పోయేదేమీ లేదు.

ఫైల్లోవి మీ సంతకం లేకుండా బయటివాళ్ళకు ఇవ్వకూడదన్నది అదే చట్టంలోని అసలు నియమం. ఇమ్మిగ్రేషన్ అధికారి వచ్చి లిస్టు ఇవ్వమంటే ఇచ్చేయడానికి లేదు. కోర్టు ఆర్డరో, చట్టబద్ధమైన సబ్పీనానో (రికార్డులు ఇవ్వాలనే ఆదేశం) వస్తే ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు కూడా మామూలుగా ముందు మీకు చెప్పే ప్రయత్నం చేయాలి. కాబట్టి వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఉన్నదున్నట్టు నిజం కాదు. అయితే అసలు కన్నం వేరే చోట ఉంది, దాని గురించి ఆ గ్రూపులో ఎవరూ రాయలేదు.

దాని పేరు 'డైరెక్టరీ ఇన్ఫర్మేషన్'. పేరు, అడ్రస్, ఫోన్, ఫోటో, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు వంటివాటిలో కొన్నింటిని డిస్ట్రిక్ట్ ఇలా ప్రకటించుకోవచ్చు. ప్రకటించినవాటిని మీ సంతకం లేకుండానే ఇవ్వొచ్చు. టెక్సాస్‌లో బయటివాళ్ళెవరైనా దరఖాస్తు పెట్టి అడగొచ్చు కూడా. వద్దని చెప్పే హక్కు మీకుంది. ఏడాది మొదట్లో వచ్చే కాగితాల కట్టలో దానికో ఫారం ఉంటుంది, లంచ్ మెనూకీ డ్రెస్ కోడ్‌కీ మధ్య ఎక్కడో. చాలామంది చూడకుండా 'సరే' నొక్కేస్తారు. మీరు పోయినేడు నొక్కారో లేదో ఆఫీసులో అడగండి. వద్దంటే ఒక నష్టం ఉంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో అన్నిటికీ కలిపి ఒకే గడి పెడతారు. అప్పుడు ఇయర్‌బుక్‌లో ఫోటో రాదు, ఆర్కెస్ట్రా కచేరీ కరపత్రంలో పేరు రాదు. పన్నెండేళ్ళ పిల్లకు అది చిన్న విషయం కాదు. మరికొన్ని చోట్ల ఇయర్‌బుక్‌కు వేరే, బయటివాళ్ళకు వేరే గడులుంటాయి. మీది ఏ రకమో చూసి, పాపను కూడా అడిగి నిర్ణయించుకోండి.

అడ్రస్ సంగతి చూద్దాం. మీ స్నేహితుల భయం నాకర్థమవుతుంది, ఇల్లు వాళ్ళది. అడ్రస్ రుజువు కోసం వాళ్ళు నివాస అఫిడవిట్ మీద సంతకం పెట్టడం ఒక పద్ధతి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. దాని పేరు వినగానే మీరు ఉలిక్కిపడతారు, ముందే చెబుతున్నా. 1987 నాటి 'మెకినీ-వెంటో' చట్టం. నిలువనీడ లేని పిల్లల కోసం చేసింది. అయితే అందులో 'హోమ్‌లెస్' అంటే రోడ్డు మీద పడుకునేవాళ్ళే కాదు. డబ్బు ఇబ్బందితో సొంత ఇల్లు వదిలి వేరేవాళ్ళ ఇంట్లో సర్దుకుంటున్నవాళ్ళు కూడా. అంటే మేడ మీద రెండు గదుల్లో ఉన్న మీరు. ఈ చట్టం కింద లీజు, కరెంటు బిల్లు లేకపోయినా పిల్లలను వెంటనే చేర్చుకోవాలి. మీ కొత్త ఇల్లు వేరే స్కూలు పరిధిలోకి వచ్చినా, పాప మేలు చూసి పాత స్కూల్లోనే కొనసాగనివ్వాలి. లంచ్ ఫ్రీ. మీరు అడిగినదానికి నేరుగా సంబంధించింది ఇంకోటుంది: ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉంటున్నారన్న సమాచారాన్ని డైరెక్టరీలో కలపకూడదని చట్టంలోనే రాసి ఉంది. ప్రతి డిస్ట్రిక్టులో దీనికో అధికారి ఉంటారు. హోమ్‌లెస్ లియెజాన్ అంటే చెబుతారు. నామోషీగా ఉంటుందని తెలుసు. అత్తమ్మకు చెప్పాల్సిన పనేమీ లేదు.

స్కూలుకే వచ్చి పట్టుకెళ్తే ఎట్లా అని అడిగారు. స్కూళ్ళు, ఆస్పత్రులు, గుళ్ళ దగ్గర అరెస్టులు చేయకుండా ఇమ్మిగ్రేషన్ శాఖకు చాలా ఏళ్ళు ఒక నిబంధన ఉండేది. దాన్ని 2025 జనవరిలో తీసేశారు. ఆ కంచె పోయిన మాట నిజం. రాజ్యాంగం మాత్రం అలాగే ఉంది. తరగతి గదుల్లాంటి, అందరికీ ప్రవేశం లేని చోటికి స్కూలు ఒప్పుకోకుండా రావాలంటే జడ్జి సంతకం పెట్టిన వారెంట్ కావాలి. ఇమ్మిగ్రేషన్ అధికారులు ఎక్కువగా పట్టుకొచ్చేవి వాళ్ళ శాఖ అధికారే సంతకం పెట్టిన వారెంట్లు, అవి దానికి చాలవు. తేడా ముందు డెస్కు దగ్గర ఉన్నావిడకు తెలియాలి కదా అంటారేమో. అందుకే డిస్ట్రిక్ట్ పాలసీ ఏమిటని అడగండి, తల్లిదండ్రులు ఎవరైనా అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అత్యవసర కాంటాక్టుల్లో మీ ఇద్దరి పేర్లే కాకుండా, స్టేటస్ సరిగా ఉన్న, మీరు నమ్మే మూడో మనిషి పేరు రాయండి. ఒకవేళ మీరు రాలేకపోతే సాయంత్రం మూడున్నరకు ఇద్దరు పిల్లలనూ గేటు దగ్గర ఎవరు తీసుకుంటారో ఈ వారమే తేల్చుకోండి.

ఇక మీ ఇంట్లోని రెండు సలహాలు.

ఇంట్లో ఉంచడం గురించి మీ వారికి ఒకటి చెప్పండి. స్కూల్లో పేరుండి పిల్ల రాకపోతే కథ అక్కడితో ఆగదు. టెక్సాస్‌లో 19 ఏళ్ళ దాకా చదువు తప్పనిసరి. నాలుగు వారాల్లో మూడు రోజులు కారణం లేకుండా మానితే నోటీసు వస్తుంది, ఆరు నెలల్లో పది రోజులైతే బడి మానిన కేసులు చూసే ట్రూయెన్సీ కోర్టుకు పంపుతారు. ఎవరి కంటా పడకూడదని చేసిన పని నేరుగా కోర్టు గుమ్మానికి తీసుకెళ్తుంది. మానిపించాలనే ఉంటే రాతపూర్వకంగా పేరు తీయించి హోమ్‌స్కూల్ చేయండి, టెక్సాస్‌లో అది చట్టబద్ధమే. కానీ ఆ రెండు గదుల్లో, తలుపు అవతల వేరేవాళ్ళ సంసారం వింటూ, రోజంతా ఆ పిల్ల ఏం చేస్తుంది? 2011లో అలబామాలో పిల్లల స్టేటస్ స్కూళ్ళు ఆరా తీయాలని చట్టం చేశారు. కోర్టులు ఆపేలోపే భయంతో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు. మరుసటేడు ఆ నిబంధన కోర్టులో కొట్టుకుపోయింది. మానేసిన రోజులు మాత్రం పిల్లలకు తిరిగి రాలేదు.

అత్తమ్మ మాటను నేను కొట్టిపారేయను. ఒక విషయంలో పాప పరిస్థితి మీకంటే నయం. 18 నిండేదాకా అక్రమ నివాసపు రోజులు పిల్లల ఖాతాలో పడవు. కాబట్టి ఇప్పుడు వెళ్ళినా, ఉండిపోయిన రోజుల వల్ల వచ్చే నిషేధం పాపకు తగలదు. కానీ పాపను చూడ్డానికి మీరు వెళ్తే తిరిగి రాలేకపోవచ్చు. తమ్ముడిక్కడ, అక్కక్కడ. 2018 చట్టంతో తెలంగాణలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. పాప తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదన్నారు, అదీ చూసుకోవాలి. అందరూ కలిసి వెళ్ళడం వేరు, పిల్లను ఒక్కదాన్నీ పంపడం వేరు. మొదటిదాని గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదేమో.

అసలు మీ ఉత్తరంలో నేను వెతికి దొరకనిది ఇంకోటుంది: మీ నలుగురిలో బాబును వదిలేస్తే, మిగతా ముగ్గురి ఐ-94 మీద ఉన్న తేదీలు. నేను లాయర్ని కాను. కానీ ఈ పాటి తెలుసు. 60 రోజులు దాటడంతో స్టేటస్ పోవడం ఒకటి, అక్రమ నివాసపు రోజులు లెక్కకు రావడం ఇంకొకటి. రెండోది మామూలుగా ఐ-94 తేదీ దాటాకే మొదలవుతుంది. ఆ తేదీ తర్వాత 180 రోజులకు మించి ఉండి దేశం వదిలితే మూడేళ్ళు తిరిగి రానివ్వరు. ఏడాది నిండితే పదేళ్ళు. పాస్‌పోర్టు గడువును బట్టి ఒకే ఇంట్లో తలా ఒక తేదీ కూడా ఉండొచ్చు. మీ వారి తేదీ ఇంకా దాటకపోతే మీ చేతిలో చాలా ఉంది. దాటి ఐదు నెలలైతే ఉన్న టైమ్ వారాల్లో. పదకొండు రోజులు స్కూలు ఫారం ముందు కూర్చున్నారు. ఇంతకాలం మీరు చూడాల్సింది ఆ కాగితం కాదు, ఈ కాగితం. కన్సల్టెన్సీ చూపించే లాయరు వద్దు, ఆయన వాళ్ళ మనిషి. విడిగా ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి గంట మాట్లాడండి. అది కూడా కష్టమైతే, న్యాయ శాఖ గుర్తింపు ఉన్న స్వచ్ఛంద సంస్థలు తక్కువ డబ్బుకే చూస్తాయి. కన్సల్టెన్సీకి డబ్బు కట్టిన రుజువులు, వాళ్ళ మెసేజ్‌లు ఏవీ చెరిపేయకండి. మోసపోయి గడువు దాటిందని చూపించగలిగితే దానికీ ఒక విలువ ఉండొచ్చు.

కౌన్సెలర్ విషయంలో ఒక జాగ్రత్త. ఫెర్పా కాపాడేది రికార్డులను, నోటిమాటను కాదు. మీరు కౌన్సెలర్‌తో స్టేటస్ గురించి చెబితే, ఆమె ఎంత మంచిదైనా, అది లాయరుకు చెప్పినంత భద్రం కాదు. అలాగని ఫోన్ ఎత్తకుండా ఉంటే అనుమానం పెరుగుతుంది. "ఉద్యోగం పోయింది, ఇల్లు మారాం, పిల్ల బెంగ పెట్టుకుంది" అని చెప్పండి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

పాపతో మాత్రం మాట్లాడాల్సిందే. ప్రాణ స్నేహితురాలికి "మేం సడన్‌గా వెళ్ళిపోతామేమో" అని మెసేజ్ పెట్టిందని రాశారు. అంటే దానికి సగం తెలుసు. సగం తెలిసిన పిల్ల మిగతా సగం తనే ఊహించుకుంటుంది, అది నిజం కంటే భయంకరంగా ఉంటుంది. ఎవరికి చెప్పకూడదో, ఎవరైనా అడిగితే "మా అమ్మను అడగండి" అనాలని చెప్పండి. తప్పు తనది కాదనీ చెప్పండి.

శాన్ ఆంటోనియో ట్రిప్ గురించి. డాలస్ నుంచి అక్కడికి వెళ్ళే దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు లేదు. అవి ఇంకా దక్షిణాన, ఫాల్ఫూరియాస్, సరీటా వైపు, సరిహద్దు ప్రాంతం నుంచి పైకి వచ్చే రోడ్ల మీద ఉంటాయి. ఎప్పుడైనా సౌత్ పాడ్రే బీచ్ ట్రిప్ అంటే అప్పుడు ఆలోచించండి. ఈ ట్రిప్ ఫారంలో ఇన్సూరెన్స్ కార్డు, మందులు, మీ సంతకం తప్ప ఇంకేమీ అడగలేదని మీరే రాశారు. గడువు శుక్రవారం అన్నారు కదా. సంతకం పెట్టి పాప చేతికివ్వండి. ఆ రాత్రే బియ్యం డబ్బాలో దాచానన్న పాస్‌పోర్టులు తీసి, ఐ-94 తేదీలు మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. లాయరు మొట్టమొదట అడిగేది అదే.